అధికారి భేదం: హిందూ చింతనలో కులం, ఆధ్యాత్మిక అర్హత

నిర్వచనం

ఒక విద్యను నేర్చుకోవడానికి, ఒక కర్మను ఆచరించడానికి, దాని ఫలం పొందడానికి మనిషికి ఉండవలసిన అర్హతను హిందూ శాస్త్రాలు అధికారం అన్నాయి. అది ఉన్నవాడు అధికారి. మనుషుల అర్హతల్లో తేడాలుంటాయి కనుక అందరికీ ఒకే సాధన, ఒకే ఉపదేశం కుదరవని చెప్పే సిద్ధాంతం అధికారి భేదం. వేదాంత గ్రంథం మొదట్లోనే తేల్చవలసిన నాలుగు అంశాలను అనుబంధ చతుష్టయం అంటారు. అవి అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. గ్రంథం ఏం చెబుతుందో తెలిపే ముందే ఎవరికి చెబుతుందో తెలపాలన్నది ఆ నియమం.

ఈ అర్హతకు రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. మొదటిది పుట్టుక: వర్ణం, కులం, స్త్రీపురుష భేదం, వాటిని బట్టి జరిగే ఉపనయనం. రెండోది లోపలి పరిపాకం: వివేకం, వైరాగ్యం, ఇంద్రియ నిగ్రహం, భక్తి. కొన్ని గ్రంథాలు రెండింటినీ జోడించాయి. కొన్ని మొదటిదాన్ని తోసిపుచ్చి రెండోదాన్నే నిలబెట్టాయి.

అర్హతలోనూ రెండు రకాలు చూడాలి. మోక్షం పొందే అర్హత ఒకటి. వేదం చదివే, యజ్ఞం చేసే, గర్భగుడిలో అర్చించే, గురుపీఠం ఎక్కే అర్హత మరొకటి. మొదటిదాన్ని అందరికీ ఇచ్చి, రెండోదాన్ని కొందరికే ఉంచిన సంప్రదాయాలు చాలా ఉన్నాయి. కులానికీ ఆధ్యాత్మికతకూ ఉన్న సంబంధం మీద రెండు వేల ఏళ్లకు పైగా సాగిన వాదాల్లో అధిక భాగం ఈ రెండు అర్హతల మధ్య దూరం గురించే నడిచింది.

వైదిక వాఙ్మయంలో మూలాలు

నాలుగు వర్ణాల ప్రస్తావన ఒక్కచోట కనిపించే తొలి రచన రుగ్వేదం పదో మండలంలోని పురుష సూక్తం (10.90). విరాట్ పురుషుడి ముఖం, బాహువులు, తొడలు, పాదాలతో అది నాలుగు వర్ణాలను ముడిపెట్టింది. రుగ్వేదంలో శూద్ర శబ్దం వచ్చేది ఈ సూక్తంలో మాత్రమే. పదో మండలం మిగతా వాటికంటే తర్వాతి కాలానిదని భాషా చరిత్రకారుల్లో ఎక్కువ మంది అభిప్రాయం.

ఉపనిషత్తుల్లో చిత్రం ఒకే తీరుగా లేదు. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడు తన గోత్రం తెలియదని, తల్లి చెప్పిన మాటను దాచకుండా గురువు హారిద్రుమత గౌతముడికి చెబుతాడు. గౌతముడు ఆ సత్యవాక్కును మెచ్చి ఉపనయనం చేస్తాడు. అదే ఉపనిషత్తులో బండి కింద కూర్చున్న రైక్వుడు, తన దగ్గరకు వచ్చిన జానశ్రుతిని శూద్రుడా అని పిలిచి మొదట తిప్పి పంపుతాడు, తర్వాత సంవర్గ విద్య బోధిస్తాడు. ప్రవాహణ జైవలి అనే రాజు బ్రాహ్మణుడైన ఉద్దాలక ఆరుణికి పంచాగ్ని విద్య నేర్పుతాడు. బృహదారణ్యకంలో కాశీ రాజు అజాతశత్రువు గార్గ్య బాలాకికి ఉపదేశిస్తాడు. గార్గి, మైత్రేయి యాజ్ఞవల్క్యుడితో బ్రహ్మవిద్యను చర్చిస్తారు.

మంచి నడత గలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య జన్మలు పొందుతారని, చెడు నడత గలవారు కుక్క, పంది, చండాల జన్మలు పొందుతారని చెప్పే భాగం కూడా ఛాందోగ్యంలోనే (5.10.7) ఉంది. కర్మ సిద్ధాంతంతో కులాన్ని ముడివేసిన తొలి వాక్యాల్లో ఇది ప్రధానమైనది.

ధర్మశాస్త్రాలు, పూర్వమీమాంస

బ్రాహ్మణ బాలుడికి ఎనిమిదో ఏట, క్షత్రియుడికి పదకొండో ఏట, వైశ్యుడికి పన్నెండో ఏట ఉపనయనం జరగాలని మనుస్మృతి విధించింది. నాలుగో వర్ణానికి ఆ సంస్కారం లేదు. ఉపనయనం లేనిదే వేదాధ్యయనం లేదు, అధ్యయనం లేనిదే యజ్ఞం లేదు. అర్హత అనే తలుపుకు తాళం ఇక్కడే పడింది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహం, లక్క పోయాలన్న శిక్ష గౌతమ ధర్మసూత్రంలో ఉంది.

ఈ అంశాన్ని తర్కబద్ధంగా చర్చించిన శాస్త్రం పూర్వమీమాంస. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మొదటి పాదం మొత్తం యజ్ఞాధికారం గురించే. స్వర్గం కోరేవాడు యజ్ఞం చేయాలని వేదం విధించినప్పుడు ఆ కోరిక అన్ని వర్ణాలకూ ఉంటుంది కదా, కాబట్టి అందరికీ అధికారం ఉండాలని బాదరి అనే ఆచార్యుడు వాదించాడు. యజ్ఞాగ్నిని నెలకొల్పే అగ్న్యాధానం మూడు వర్ణాలకే విధించారు కనుక అధికారం వారికే అని జైమిని తీర్పు. భార్యకు భర్తతో కలిసి యజ్ఞాధికారం ఉందని మాత్రం ఆయన ఒప్పుకున్నాడు.

మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. రథాలు చేసే వృత్తివారైన రథకారులకు వర్షర్తువులో అగ్న్యాధానం చేసే హక్కు ఉందని, నిషాదుడైన నాయకుడు రుద్రుడికి ఒక ప్రత్యేక ఇష్టి చేయవచ్చని ఆ పాదమే నిర్ణయించింది. త్రైవర్ణికుల గీత దాటి వేదమే కొందరికి చోటిచ్చిందని మీమాంసకులు అంగీకరించిన సందర్భాలివి. (చూ. పూర్వమీమాంస, ఉపనయనం)

వేదాంతంలో అధికార చర్చ

బ్రహ్మసూత్రాల్లో మొదటి అధ్యాయం మూడో పాదంలోని ఐదు సూత్రాలను (1.3.34–38) అపశూద్రాధికరణం అంటారు. రైక్వుడు జానశ్రుతిని శూద్రుడని పిలిచింది కులాన్ని బట్టి కాదని, అతని శోకాన్ని బట్టి అని, అతడు క్షత్రియుడేనని ఈ భాగం వాదిస్తుంది. సత్యకాముడి కథను కూడా, అతడు శూద్రుడు కాడని తేల్చుకున్నాకే గౌతముడు ఉపనయనం చేశాడనడానికి సాక్ష్యంగా తీసుకుంది. పుట్టుక కంటే సత్యం గొప్పదని చెప్పడానికి నేటి సంస్కర్తలు చూపే కథే, పుట్టుక అవసరమని చెప్పడానికి నాటి శాస్త్రకారులకు ఆధారమైంది.

శంకరాచార్యులు ఈ సూత్రాల భాష్యంలో వేదం ద్వారా బ్రహ్మవిద్య పొందే అధికారం శూద్రులకు లేదన్నారు. అయితే విదురుడు, ధర్మవ్యాధుడు వంటివారికి పూర్వజన్మ సంస్కారం వల్ల జ్ఞానం కలిగిందని, ఆ జ్ఞానానికి ఫలమైన మోక్షాన్ని ఎవరూ ఆపలేరని, ఇతిహాస పురాణాలు వినే హక్కు నాలుగు వర్ణాలకూ ఉందని అంగీకరించారు. జీవులందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని చెప్పే అద్వైతం ఈ నిషేధాన్ని నిలుపుకున్నది వ్యావహారిక, పారమార్థిక సత్యాల విభజన ద్వారా. రామానుజ, మధ్వాచార్యులు అనేక విషయాల్లో శంకరులతో విభేదించినా ఈ అధికరణంలో వేదాధికార నిషేధాన్ని అంగీకరించారు.

అర్హతకు రెండో కొలత అయిన లోపలి పరిపాకాన్ని శాస్త్రీయంగా వివరించింది కూడా శంకరులే. బ్రహ్మజిజ్ఞాసకు కావలసిన సాధన చతుష్టయం ఇది: నిత్యానిత్య వస్తు వివేకం, ఇహపర భోగాలపై విరాగం, శమం మొదలైన ఆరు సంపదలు, ముముక్షుత్వం. ఈ నాలుగింటిలో దేనికీ కులంతో సంబంధం లేదు. దారికి అడ్డు వచ్చిన చండాలుడిలో గురువును చూసిన శంకరుల కథతో ముడిపడిన మనీషా పంచకం ఆయన పేరనే ప్రచారంలో ఉంది. భాష్యంలోని శంకరులకూ ఆ స్తోత్రంలోని శంకరులకూ పొంతన ఎలా అన్నది పండితులు నేటికీ చర్చించే విషయం. (చూ. అద్వైతం, సాధన చతుష్టయం)

ఇతిహాసాలు, పురాణాలు

మహాభారతం ఈ వివాదానికి పెద్ద వేదిక. అరణ్యపర్వంలో కౌశికుడనే తపస్వి, ఒక గృహిణి మాట విని మిథిలకు వెళ్లి, మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. కొండచిలువ రూపంలో ఉన్న నహుషుడితో ధర్మరాజు, సత్యం, దానం, క్షమ ఎవరిలో ఉంటే అతడే బ్రాహ్మణుడని చెబుతాడు. శాంతిపర్వంలో తులాధారుడనే వర్తకుడు జాజలి గర్వాన్ని అణుస్తాడు. భిక్షుకి సులభ జనక మహారాజుతో వాదిస్తుంది. వర్ణాల మధ్య మొదట తేడా లేదని, కర్మల వల్లనే అది వచ్చిందని భృగువు భరద్వాజుడికి చెప్పింది కూడా ఆ పర్వంలోనే. మరోపక్క ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన కథ ఆదిపర్వంలో ఉంది.

భగవద్గీతలో రెండు ధోరణులూ ఉన్నాయి. నాలుగు వర్ణాలు గుణకర్మ విభాగాల వల్ల ఏర్పడ్డాయని నాలుగో అధ్యాయం అంటుంది. తనను ఆశ్రయించిన స్త్రీలు, వైశ్యులు, శూద్రులు కూడా పరమగతి చేరతారని తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు చెబుతాడు. పద్దెనిమిదో అధ్యాయం స్వభావాన్ని బట్టి వర్ణధర్మాలను విడదీసి, ఎవరి పని వారు చేయడం ద్వారానే సిద్ధి పొందుతారంటుంది. గుణకర్మలు ఈ జన్మవా, గత జన్మవా అన్న ప్రశ్న మీదే సంప్రదాయ, సంస్కరణ వ్యాఖ్యానాలు చీలిపోయాయి.

రామాయణంలో శబరి, గుహుడు రాముడి ప్రేమకు పాత్రులయ్యారు. ఉత్తరకాండలో తపస్సు చేసినందుకు శంబూకుడు రాముడి చేతిలో మరణించాడు. ఆ కథను తిరగరాస్తూ త్రిపురనేని రామస్వామి చౌదరి రాసిన ‘శంబూక వధ’ నాటకం తెలుగునాట పెద్ద చర్చకు దారితీసింది.

నూట ఎనిమిది ఉపనిషత్తుల పట్టికలో ఉన్న వజ్రసూచికోపనిషత్తు ఈ ప్రశ్నను సూటిగా వేసింది. బ్రాహ్మణుడు ఎవరు? జీవుడా, దేహమా, జాతియా, జ్ఞానమా, కర్మా, ధార్మికతా? ఒక్కొక్కదాన్నే కొట్టివేసి, ఆత్మను ప్రత్యక్షంగా తెలుసుకున్నవాడే బ్రాహ్మణుడని తేల్చింది.

ఆగమ, తంత్ర మార్గాలు

వైదిక ఉపనయనానికి బదులు దీక్షను అర్హతగా పెట్టుకున్నవి శైవ, వైష్ణవ, శాక్త ఆగమాలు. దీక్ష పొందడానికి పలు తంత్రాలు అన్ని వర్ణాలకూ, స్త్రీలకూ అవకాశమిచ్చాయి. కౌల సంప్రదాయానికి చెందిన కులార్ణవ తంత్రం ప్రకారం భైరవీ చక్రంలో కూర్చున్నంత సేపూ అన్ని వర్ణాలవారూ సమానులు. చక్రం ముగిశాక ఎవరి వర్ణం వారిదే. ఆధ్యాత్మిక సమానత్వం సామాజిక సమానత్వంగా మారకుండా గీసిన హద్దు ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ. ఆలయ అర్చనకు సంబంధించి వైఖానసం వంటి ఆగమాలు అర్చకత్వాన్ని నిర్దిష్ట వంశాలకే పరిమితం చేశాయి. (చూ. ఆగమాలు, దీక్ష)

భక్తి సంప్రదాయాలు

తమిళ దేశంలో పన్నెండుమంది ఆళ్వార్లలో నమ్మాళ్వార్ వెళ్లాల కులంవారు, తిరుప్పాణాళ్వార్ పాణర్ కులంవారు. కావేరి ఒడ్డున నిలబడి పాడే తిరుప్పాణాళ్వార్‌ను లోకసారంగ ముని తన భుజాల మీద శ్రీరంగం గర్భగుడిలోకి మోసుకెళ్లాడని సంప్రదాయ కథనం. శైవుల అరవై ముగ్గురు నాయనార్లలో నందనార్ అంటరాని కులంవాడు. చిదంబరంలో అగ్నిప్రవేశం చేసి బ్రాహ్మణ రూపంతో లేచాకే ఆయనకు నటరాజ దర్శనం దక్కిందని పెరియ పురాణం చెబుతుంది. భక్తుడికి చోటిచ్చే ముందు అతని పుట్టుకను మార్చిన కథ ఇది.

తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రార్థాన్ని రామానుజులు (సంప్రదాయ కాలం 1017–1137) బహిరంగంగా చాటారని శ్రీవైష్ణవులు చెప్పుకుంటారు. భక్తియోగానికి వేదాధికారం అవసరమైనా, ప్రపత్తి అనే శరణాగతికి ఏ కులమూ అడ్డు కాదన్నది ఆ సంప్రదాయ సిద్ధాంతం. భాగవతుడి కులం అడగడమే అపచారమని శ్రీవైష్ణవంలోని తెంగలై శాఖ ఆచార్యుడు పిళ్ళై లోకాచార్యులు బోధించారు.

కన్నడ దేశంలో శరణులు అనే 12వ శతాబ్దపు శివభక్తులు ఇంకా ముందుకు వెళ్లారు. బసవేశ్వరుడి చుట్టూ చేరినవారిలో మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, అక్క మహాదేవి ఉన్నారు. ఇష్టలింగం ధరించినవారికి కులం లేదన్నారు. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికి పెళ్లి చేసినందుకు బిజ్జల రాజు కాలంలో ఆ ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష పడిందని వీరశైవ కథనాలు చెబుతాయి.

మహారాష్ట్రలో వార్కరీ సంప్రదాయం దర్జీ నామదేవుడిని, మహర్ కులానికి చెందిన చోఖామేళాను, కుణబీ తుకారాంను సంతులుగా కొలిచింది. పండరి గుడిలోకి వెళ్లలేకపోయిన చోఖామేళా సమాధి ఆ గుడి మెట్ల దగ్గరే ఉంది. అంటరాని కులాలవారికి ఆ ఆలయం తెరుచుకున్నది 14వ శతాబ్దంలో కాదు, సానే గురూజీ నిరాహార దీక్ష తర్వాత 1947లో. ఉత్తరాన నేత పనివాడు కబీరు, తోలు పనివాడు రవిదాసు పుట్టుకను బట్టి అర్హత అనే భావననే తిరస్కరించారు.

తెలుగునాట

పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పేరుతో అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడని పల్నాటి వీరగాథల కథనం. పాల్కురికి సోమనాథుడి ‘బసవ పురాణం’ శివభక్తుల కులాతీత గాథలను జాను తెనుగు ద్విపదలో చెప్పింది. భీమకవి దాన్ని 1369లో కన్నడంలోకి తెచ్చాడు.

శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని మాలదాసరి కథలో బ్రహ్మరాక్షసుడైన బ్రాహ్మణుడికి విముక్తి కలిగించేది గుడి బయటే నిలబడి పాడే ఒక మాల భక్తుడు. తన కీర్తన ఫలాన్ని ధారపోసి అతడు ఆ పని చేస్తాడు. అర్హతల వరుసను తలకిందులు చేసిన కావ్యఘట్టమిది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) బ్రహ్మమొక్కటేనన్న భావంతో సంకీర్తన కట్టారు. వేమన ఆటవెలదుల్లో కులగర్వాన్ని, బాహ్యాచారాన్ని ఎండగట్టాడు. పోతులూరి వీరబ్రహ్మం కమ్మరి, వడ్రంగుల విశ్వబ్రాహ్మణ వర్గంవారు. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ప్రసిద్ధులు.

20వ శతాబ్దంలో ఏర్పేడు వ్యాసాశ్రమ స్థాపకులు మలయాళ స్వామి, స్త్రీలతో సహా అన్ని కులాలవారికీ ప్రణవోపాసన, బ్రహ్మవిద్య బోధించారు. ‘శుష్కవేదాంత తమోభాస్కరం’లో ఆ హక్కును శాస్త్ర ప్రమాణాలతో వాదించారు. (చూ. వీరశైవం, వేమన, వ్యాసాశ్రమం)

కులేతర పరిమితులు

ఆధ్యాత్మిక విద్యను కొందరికే పరిమితం చేసింది కులం ఒక్కటే కాదు. విద్యను రహస్యంగా ఉంచాలన్న నియమం, సంస్కృత భాష, గురుపరంపర అనుమతి, సన్న్యాసానికి పెట్టిన షరతులు కూడా అదే పని చేశాయి. ఉత్తమ, మధ్యమ, మందాధికారులన్న విభజన కులంతో నిమిత్తం లేకుండా శిష్యుల మధ్యే శ్రేణులు కల్పించింది. జ్ఞానమార్గం కొద్దిమందికి, విగ్రహారాధన సామాన్యులకు అన్న భావన ఆ విభజన నుంచే బలపడింది. దేశభాషల్లో భారత, భాగవతాల అనువాదాలు, ఆ తర్వాత అచ్చు యంత్రం ఈ కంచెను సడలించాయి. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో రుగ్వేదాన్ని 1849–1874 మధ్య అచ్చు వేయించాక, చదవగలిగిన ఎవరికైనా వేదపాఠం అందుబాటులోకి వచ్చింది.

ఆధునిక సంస్కరణ, విమర్శ

దయానంద సరస్వతి 1875లో స్థాపించిన ఆర్యసమాజం వేదం అందరిదని, వర్ణం పుట్టుకతో కాక గుణంతో వస్తుందని ప్రకటించింది. వివేకానందుడు వేదాంతాన్ని నమ్ముతూనే అధికారివాదాన్ని తీవ్రంగా విమర్శించారు. ప్రజల్ని బలహీనపరిచే వాదంగా దాన్ని చూశారు. కేరళలో ఈళవ కులంలో పుట్టిన నారాయణ గురు 1888లో అరువిప్పురంలో స్వయంగా శివప్రతిష్ఠ చేశారు. ప్రతిష్ఠాధికారం బ్రాహ్మణులదే అనే నియమాన్ని వాదనతో కాక క్రియతో దాటిన ఘట్టమది. 1924–25 వైకోం సత్యాగ్రహం తర్వాత, 1936 నవంబరు 12న తిరువాన్కూరు సంస్థానం ఆలయ ప్రవేశ ప్రకటన చేసింది.

సంస్కరణ చాలదన్నవారు మరో దారి పట్టారు. జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం స్థాపించారు. డాక్టర్ అంబేడ్కర్ 1930లో నాసిక్ కాలారామ్ ఆలయ సత్యాగ్రహం నడిపారు. 1936లో ప్రచురించిన ‘కుల నిర్మూలన’లో కులానికి బలం శాస్త్రాల పవిత్రత నుంచే వస్తోందని, దాన్ని ప్రశ్నించకుండా కులం పోదని వాదించారు. అంటరానితనాన్ని ఖండిస్తూనే వర్ణ ఆదర్శాన్ని సమర్థించిన గాంధీకి, అంబేడ్కర్‌కు మధ్య ఈ పుస్తకం మీద జరిగిన వాదం ప్రసిద్ధం. 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించారు.

తెలుగు ప్రాంతాల్లో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వంలో 1917లో బెజవాడలో జరిగిన సభ దళితులకు ఆది ఆంధ్ర అనే గుర్తింపును ముందుకు తెచ్చింది. జాషువా ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని కథానాయకుడు, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో శివుడికి తన గోడు పంపుతాడు.

రాజ్యాంగం, న్యాయస్థానాలు

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 25(2)(బి) ప్రజా స్వభావం గల హిందూ మత సంస్థలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే చట్టాలకు అనుమతిచ్చింది. 1958లో వెంకటరమణ దేవరు కేసులో సుప్రీంకోర్టు ఆలయ ప్రవేశ హక్కును సమర్థించింది.

అర్చకత్వం మీద వివాదం వేరుగా నడిచింది. వంశపారంపర్య అర్చక హక్కును ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం రద్దు చేయగా, 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ చట్టానికి తర్వాత సవరణలు వచ్చాయి. 2002లో ఆదిత్యన్ కేసులో, పూజావిధానం తెలిసి తగిన శిక్షణ పొందిన బ్రాహ్మణేతరుడు అర్చకుడు కావచ్చని తీర్పు వచ్చింది. 2021లో తమిళనాడు ప్రభుత్వం అన్ని కులాల నుంచి శిక్షణ పొందినవారిని ఆలయాల్లో నియమించింది. 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకుడు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద లోపలికి మోసుకెళ్లి, తిరుప్పాణాళ్వార్ గాథకు మునివాహన సేవగా రూపమిచ్చారు.

పండితుల దృక్పథాలు

అధికారి భేదాన్ని సమర్థించేవారు దాన్ని బోధనా పద్ధతిగా చూస్తారు. ఎవరి స్థాయికి తగిన మార్గం వారికి ఉండడం వల్లనే హిందూ సంప్రదాయంలో పలు దేవతలు, పలు సాధనలు పక్కపక్కన బతికాయంటారు. విమర్శకులు అదే సిద్ధాంతాన్ని అంచెలంచెల అసమానతకు ఆధ్యాత్మిక ముసుగుగా చూస్తారు. లూయీ ద్యూమో 1966లో ప్రచురించిన గ్రంథంలో శుచి, అశుచి భావాల మీద కులవ్యవస్థ నిలిచిందని, దానికి వెలుపల నిలిచే వ్యక్తి సన్న్యాసి అని ప్రతిపాదించారు. రాజకీయ అధికారం, భూమి, శ్రమల పాత్రను ఆయన తక్కువ చేశారని తర్వాతివారు ఆక్షేపించారు. కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించి హోదా పెంచుకునే ప్రక్రియకు ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అని పేరు పెట్టారు. భక్తి ఉద్యమాలు కులాన్ని బలహీనపరిచాయా, లేక కొత్త శాఖలుగా అందులోనే కలిసిపోయాయా అన్న చర్చ కొనసాగుతోంది. లింగాయతుల్లో తర్వాతి కాలంలో ఏర్పడిన ఉపకులాలను రెండో వాదానికి ఉదాహరణగా చూపుతారు.

వర్తమాన స్థితి

పుట్టుక కారణంగా ఒక మనిషికి మోక్షార్హత లేదని బహిరంగంగా బోధించే ప్రధాన హిందూ సంప్రదాయం నేడు లేదనే చెప్పాలి. ఆలయ ప్రవేశం చట్టరీత్యా హక్కు అయింది, కొన్ని ఊళ్లలో అమలు ఇంకా పోరాటంగానే ఉన్నా. గర్భగుడి అర్చకత్వం, సంప్రదాయ వేదపాఠశాలల్లో ప్రవేశం, పురాతన మఠాల పీఠాధిపత్యం: ఈ మూడు చోట్ల మాత్రం పుట్టుక ఇప్పటికీ ప్రధాన కొలతగా నిలిచి ఉంది.